గుబ్బియోను తెలుసుకోవడం ఎలా: ఒక చిన్న ఇటలీ ఊరి చరిత్ర, సంస్కృతిపై సమగ్ర మార్గదర్శి

ఇటలీ అంటే మనవాళ్లకు రోమ్, వెనిస్, ఫ్లోరెన్స్, పీసాలో వాలిన గోపురం. ప్యాకేజీ టూర్ బస్సు ఈ నాలుగూ చూపించి స్విట్జర్లాండ్ వైపు తిప్పేస్తుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు అవి చూడాల్సిందే, తప్పు లేదు. రెండోసారి అవకాశం వస్తే మాత్రం ఒక చిన్న ఊరు పట్టుకోండి. మధ్యయుగంలో అక్కడి చాలా ఊళ్లు దేనికది ఒక చిన్న రాజ్యం. సొంత చట్టాలు, సొంత సైన్యం, పక్క ఊరితో సొంత పగలు ఉండేవి. దేశం ఒక్కటై 160 ఏళ్లు దాటినా ఆ ఊరి పట్టింపు పూర్తిగా పోలేదు. అది పెద్ద నగరాల్లో టూరిస్టుల రద్దీలో కనపడదు.

ఇక్కడ నేను తీసుకున్న ఊరు గుబ్బియో. మధ్య ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతంలో, పెరూజా నగరానికి ఈశాన్యంగా 40 కిలోమీటర్ల దూరంలో, ఇంజీనో కొండ వాలు మీద ఉంటుంది. చుట్టుపక్కల పల్లెలు కలుపుకుని జనాభా 30 వేల చుట్టూ. అస్సీసీ చూడటానికి వచ్చినవాళ్లలో కొందరు ఒక పూట ఇటు వచ్చి, పెద్ద చౌక్‌లో ఫోటో దిగి, ఐస్‌క్రీమ్ తిని వెళ్లిపోతారు. మీరు కనీసం రెండు రాత్రులు ఉండేలా ప్లాన్ చేసుకోండి.

ఊరిని అర్థం చేసుకోవడానికి నాకు తెలిసిన మంచి పద్ధతి ఒక్కటే. ఏ రాయి ముందు నిలబడినా "దీనికి డబ్బు ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు?" అని అడగడం. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు బోర్డు చదివిన గంటకే మర్చిపోతాం. ఖర్చు ఎవరిదో తెలిస్తే ఆ కాలంలో పెత్తనం ఎవరిదో, భయం దేనికో, గొప్ప దేనికో వాటంతటవే తెలుస్తాయి. గుబ్బియోలో ఈ ప్రశ్నకు దాదాపు ప్రతి చోటా జవాబు దొరుకుతుంది.

1. బయల్దేరే ముందు: ఒక పేజీ కాలక్రమం

పెద్ద పుస్తకాలు చదివి వెళ్లక్కర్లేదు. ఫోన్‌లో ఈ కొన్ని తేదీలు రాసి పెట్టుకుంటే చాలు.

- క్రీ.పూ. 3 నుంచి 1వ శతాబ్దం: ఉంబ్రి అనే జాతి ఇక్కడ ఉండేది. వాళ్ల పూజా విధానాలు కంచు పలకల మీదికెక్కిన కాలం ఇది. రోమన్లు ఈ ఊరిని ఇగువియం అనేవారు.
- 1160 మే 16: ఊరి బిషప్పు ఉబాల్దో మరణం. తర్వాత ఆయనే ఊరి రక్షకుడైన సెయింట్.
- 1332: ఎన్నికైన ఊరి పెద్దలు కూర్చునే కోన్సోలి భవనం పని మొదలు.
- 1384: ఊరు ఉర్బీనో పాలకులైన మోంటెఫెల్ట్రో వంశం చేతికి.
- 1631: పోపు రాజ్యంలోకి.
- 1860: కొత్తగా ఏర్పడుతున్న ఇటలీలోకి.
- 1944 జూన్ 22: జర్మన్ సైన్యం 40 మంది ఊరివాళ్లను కాల్చి చంపిన రోజు.

1160కీ 1384కీ మధ్య ఉన్న రెండు వందల చిల్లర ఏళ్లే ఊరికి మంచి రోజులు. ఇప్పుడు మనం చూసే ఊరి ఆకారం చాలావరకు అప్పటిదే. దొరల చేతికి వెళ్లాక పెద్ద ఎత్తున కట్టడం తగ్గింది, అందుకే పాతది కూలగొట్టే అవసరమూ రాలేదు. డబ్బు లేకపోవడం కూడా ఒక్కోసారి చరిత్రకు మేలు చేస్తుంది.

2. ఊళ్లోకి వెళ్లకుండా, కింద మైదానంలో మొదలుపెట్టండి

బస్సు దిగగానే అందరూ పైకి ఎక్కుతారు. మీరు ముందు గోడల బయట ఉన్న రోమన్ నాటకశాలకు నడవండి. క్రీ.పూ. 1వ శతాబ్దపు కట్టడం, కింది వరుస కమానులు ఇంకా నిలిచే ఉన్నాయి. ఇప్పటికీ వేసవిలో నాటకాలు వేస్తారు. అక్కడ గడ్డి మీద నిలబడి తలెత్తి చూస్తే బూడిద రంగు సున్నపురాయి ఇళ్లు వరుస మీద వరుసగా కొండకు అంటుకుని కనిపిస్తాయి. మధ్యలో కోన్సోలి భవనం, అన్నిటికంటే పైన కొండ మీద సెయింట్ ఉబాల్దో చర్చి.

ఈ ఒక్క చూపులో రెండు కాలాలు తెలిసిపోతాయి. రోమన్ల రోజుల్లో శాంతి ఉంది కాబట్టి ఊరు మైదానంలోకి పరుచుకుంది. ఆ సామ్రాజ్యం పోయాక దండయాత్రల భయంతో జనం కొండ వాలుకు చేరారు.

మన ప్రశ్న ఇక్కడే మొదలుపెట్టవచ్చు. గ్నేయస్ సాట్రియస్ రూఫస్ అనే స్థానిక అధికారి ఊరికి పెట్టిన ఖర్చు ఒక లాటిన్ శాసనంలో పద్దు రాసినట్టు ఉంది. కట్టడాలకు పైకప్పులు, డయానా గుడి మరమ్మతు, సైన్యానికి సరుకులు, రోమన్ చక్రవర్తి ఆగస్టస్ విజయం పేరిట ఆటలు, ఇలా దేనికెంతో రాయించాడు. పదవిలో ఉన్నవాడు సొంత డబ్బు పెట్టి, ఆ లెక్కను రాతి మీద చెక్కించుకోవడం రోమన్ చిన్న పట్టణాల్లో మామూలే. శిలాఫలకాల మీద మోజు కొత్తది కాదు.

3. ఏడు కంచు పలకల దగ్గర గంటసేపు ఉండండి

కోన్సోలి భవనంలోని మ్యూజియంలో ఉన్నాయివి. మిగతాదంతా వదిలేసినా ఇది వదలకండి. ఇగువైన్ పలకలు అంటారు. లాటిన్‌కు చుట్టమైన ఉంబ్రియన్ భాషలో ఇంత పొడవైన రాత ఇంకెక్కడా దొరకలేదు. కొన్ని పలకలు ఉంబ్రియన్ లిపిలో, కుడి నుంచి ఎడమకు ఉంటాయి. తర్వాతివి లాటిన్ లిపిలో, ఎడమ నుంచి కుడికి. భాష అదే, లిపి మారింది. రోమ్ పెత్తనం ఊళ్లోకి ఎలా వచ్చిందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పలకల మీద ఉన్నది పూజారుల సంఘం ఒకటి పాటించాల్సిన విధానం. ముందు పక్షుల రాకపోకలు చూసి శకునం చెప్పాలి. తర్వాత ఊరి మూడు ద్వారాల దగ్గర బలులు ఇవ్వాలి. ఒక ద్వారం ముందు జూపిటర్ గ్రాబోవియస్ అనే దేవుడికి మూడు ఎద్దులు. ఏ మాటలు ఎలా పలకాలో, మధ్యలో తప్పు జరిగితే మళ్లీ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో కూడా రాశారు. ఇంకో చోట ఎట్రుస్కన్లు, చుట్టుపక్కల వేరే జాతులవాళ్లు ఊళ్లో ఉంటే బయటికి పొమ్మని చాటింపు, ఆ పైన వాళ్లకు శాపనార్థాలు. ఇది కథ కాదు, ఆజ్ఞల పుస్తకం. అందుకే ఆ కాలపు మనుషుల భయాలు ఇందులో దాపరికం లేకుండా ఉన్నాయి.

ఇవి 1444లో దొరికాయని చెబుతారు. 1456లో ఊరి పాలకులు వాటిని ఒక మనిషి దగ్గర కొన్నారు. నగదు ఇవ్వలేదు, రెండేళ్లపాటు ఊరి భూముల్లో పశువులు మేపుకునే హక్కు ఇచ్చారు. ఈ బేరం పత్రం రాసుకునే చేశారు. అప్పటికి ఆ రాతను చదవగలిగినవాడు ఎవడూ లేడు. చదవలేని కంచు రేకులకు పచ్చిక హక్కు ధారపోసిన ఆ పెద్దలంటే నాకు గౌరవం.

లోపలికి వెళ్లేముందు పలకల ఫోటో ఒకటి ఫోన్‌లో పెద్దది చేసి చూసుకోండి. అద్దాల పెట్టె ముందు నిలబడినప్పుడు లిపి మారిన చోటు మీరే గుర్తుపట్టగలుగుతారు.

4. పియాత్సా గ్రాండే: ఇంత చదును నేల ఎలా వచ్చింది?

బయటికి వచ్చి ఆ చౌక్ అంచుకు వెళ్లి కిందికి చూడండి. కొండ వాలు మీద ఇంత చదునైన నేల ఉండే వీల్లేదు. 14వ శతాబ్దంలో కింద పెద్ద పెద్ద కమానులు కట్టి, వాటి మీద ఈ చౌక్‌ను నిలబెట్టారు. కింది వీధిలోకి దిగి ఆ కమానులను చూస్తే తప్ప ఎంత పని జరిగిందో తెలియదు. పైనుంచి ఫోటో తీసుకుని వెళ్లేవాళ్లు సగం భవనమే చూసినట్టు లెక్క.

అప్పట్లో ఊరు నాలుగు పేటలుగా ఉండేది. ఈ కొత్త చౌక్‌ను ఏ పేటకూ సొంతం కాకుండా, నాలుగూ కలిసే చోట కట్టారు. రాజకీయం అక్కడే ఉంది. ఒకవైపు కోన్సోలి భవనం, అంటే ఎన్నికైన పెద్దలది. ఎదురుగా ప్రెటోరియో భవనం, న్యాయం చూసే అధికారిది. డబ్బు ఊరిది, పన్నులది. రాజు, బిషప్పు ఇద్దరి అవసరం లేకుండా మేమే పాలించుకుంటామని రాతితో చెప్పిన మాట ఇది. కోన్సోలి భవనం 1349 నాటికి పూర్తయింది. దానికి ముందు ఏడాదే ప్లేగు యూరప్‌ను తుడిచిపెట్టింది. ఎదుటి భవనం అనుకున్నంత పూర్తి కాలేదు. తేడా ఇప్పటికీ కంటికి కనపడుతుంది. అందులోనే ఇప్పుడు మునిసిపాలిటీ నడుస్తోంది.

ఊరి పెద్ద గంట కోన్సోలి భవనం గోపురంలో ఉంది. 1769లో పోత పోసిన గంట, బరువు 2 టన్నుల చుట్టూ. దాన్ని మోటారుతో కాదు, మనుషులే మోగిస్తారు. గంట కొట్టే బృందంవాళ్లు పడుకుని కాళ్లతో తోస్తూ దాన్ని ఊపుతారు. మీరున్న రోజుల్లో ఏదైనా విశేష దినం పడితే ఆ సమయానికి చౌక్‌లో ఉండండి.

5. వీధుల్లో: పక్కపక్కన రెండు తలుపులు

పాత ఇళ్లకు ఒక వెడల్పు తలుపు, దాని పక్కనే నేల నుంచి కాస్త ఎత్తులో ఒక సన్నటి తలుపు కనిపిస్తాయి. సన్నటిదాన్ని చావు తలుపు అంటారు, శవాన్ని మాత్రమే దాని గుండా తీసేవారని గైడ్లు చెబుతారు. కథ బాగుంది. అసలు సంగతి చాలావరకు మామూలుదే. వెడల్పుది కింది దుకాణానికి, సన్నటిది పై అంతస్తు మెట్లకు. రాత్రి మెట్లు లోపలికి తీసేసుకుని తలుపు వేసుకుంటే ఇంటికి రక్ష.

బార్జెల్లో భవనం ముందు పిచ్చివాళ్ల ఫౌంటెన్ ఉంది. దాని చుట్టూ మూడు సార్లు పరిగెత్తి, ఊరివాళ్ల చేత నీళ్లు చల్లించుకుంటే పిచ్చివాడి సర్టిఫికెట్ ఇస్తారు. సరదా అంతే. పిల్లలుంటే వెళ్లండి.

6. తోడేలు కథను ఎలా చూడాలి

గుబ్బియో పేరు ప్రపంచానికి తెలిసింది అస్సీసీకి చెందిన క్రైస్తవ సన్యాసి సెయింట్ ఫ్రాన్సిస్, తోడేలు కథతో. ఊరివాళ్లను చంపుతున్న తోడేలుతో ఫ్రాన్సిస్ మాట్లాడి, నీకు రోజూ తిండి పెడతారు, నువ్వు ఎవరినీ కొరకకు అని ఒప్పందం చేయించాడని కథ. ఊరంతా దాని బొమ్మలే.

ఇక్కడ రెండో ప్రశ్న వేసుకోండి: ఇది మొదట ఎప్పుడు రాశారు? ఫ్రాన్సిస్ 1226లో చనిపోయాడు. ఈ కథ వివరంగా కనిపించే రాతలు 14వ శతాబ్దానివి, అంటే వందేళ్ల తర్వాతివి. తోడేలంటే నిజంగా తోడేలేనా, దారి దోపిడీ చేసే దొర ఎవడైనానా అని చర్చ ఎప్పటి నుంచో ఉంది. కథ అబద్ధమని తేల్చడం మన పని కాదు. పగలు మానుకుని ఒప్పందం చేసుకోవాలన్న కోరిక ఆ ఊళ్లకు ఎంత ఉండేదో ఆ కథ చెబుతుంది, అది చాలు.

దీని పక్కన గట్టి ఆధారం ఉన్న విషయం పెట్టుకోండి. ఇల్లు వదిలి వచ్చిన కొత్తలో ఫ్రాన్సిస్‌కు గుబ్బియోలో స్పాడాలోంగా కుటుంబం ఆశ్రయం ఇచ్చి, ఒంటికి బట్ట ఇచ్చిందని సంప్రదాయం. ఫ్రాన్సిస్ ఇక్కడికి స్నేహితుడి దగ్గరకు వచ్చి అంగీ తీసుకున్న సంగతి ఆయన చనిపోయిన కొద్ది ఏళ్లకే రాసిన జీవిత చరిత్రలో ఉంది. బస్సులు ఆగే చౌక్‌లోని సాన్ ఫ్రాంచెస్కో చర్చి ఆ కుటుంబం స్థలంలోనే లేచింది. ఎదురుగా పొడవాటి వసారా లాంటి కట్టడం ఉంటుంది. ఉన్ని నేతగాళ్ల సంఘం 17వ శతాబ్దం మొదట్లో తడి బట్టను నీడలో సాగదీసి ఆరబెట్టడానికి కట్టించుకున్నది. ఇక్కడ ఖర్చు చేతివృత్తులవాళ్లది.

7. మే 15: ఊరికి అసలు పండగ

గుబ్బియోను నిజంగా తెలుసుకోవాలంటే చేరీల పరుగు తెలియాలి. చేరో అంటే కొవ్వొత్తి. ఇప్పుడవి మైనంవి కావు, లోపల డొల్లగా ఉండే ఎనిమిది పలకల చెక్క స్తంభాలు, ఒకదాని మీద ఒకటి నిలిపినట్టు. పైన సెయింట్ విగ్రహం. మొత్తం ఎత్తు ఐదు మీటర్ల దాకా, బరువు ఒక్కోటి 300 కిలోల చుట్టూ. ఇలాంటివి మూడు. మొదటిది సెయింట్ ఉబాల్దోది, తాపీ పనివాళ్లది, పసుపు చొక్కాలు. రెండోది సెయింట్ జోర్జోది, వ్యాపారులది, నీలం చొక్కాలు. మూడోది సెయింట్ అంతోనియోది, రైతులది, విద్యార్థులది, నల్ల చొక్కాలు. అందరికీ తెల్ల ప్యాంటు, నడుముకు, మెడకు ఎర్ర గుడ్డ.

ఉబాల్దో చనిపోయిన రోజుకు ముందు సాయంత్రం ఒక్కో వృత్తి సంఘం మైనపు కొవ్వొత్తులు మోసుకెళ్లి సమర్పించాలని మధ్యయుగపు ఊరి చట్టాలు చెప్పాయి. 16వ శతాబ్దం చివర్లో మైనం పోయి చెక్క వచ్చింది. కంచు పలకల నాటి ఊరేగింపే ఇదని కొందరు గట్టిగా వాదిస్తారు. ఊరి చుట్టూ తిరగడం, మూడు ద్వారాలు, మూడు చేరీలు అని పోలికలు చూపిస్తారు. రెండింటి మధ్య వెయ్యేళ్లకు పైగా ఏ ఆధారమూ లేదు. నేను కొవ్వొత్తుల వైపే, ఎందుకంటే దానికి కాగితం ఉంది. ఊళ్లో ఎవరితోనైనా ఈ విషయం ఎత్తితే మాత్రం సాయంత్రమంతా గడిచిపోతుంది, అందుకని ఎత్తమనే చెబుతాను.

చేరీలు ఏడాదంతా కొండ మీద చర్చిలోనే ఉంటాయి. మే మొదటి ఆదివారం వాటిని కిందికి తెస్తారు. 15వ తేదీ తెల్లవారకముందే డప్పులు మోగుతాయి. మధ్యాహ్నానికి కాస్త ముందు పియాత్సా గ్రాండేలో వాటిని నిలబెట్టే ఘట్టం. ఒక్కో చేరో పెద్ద దాని మీదికెక్కి పింగాణీ కూజాలోని నీళ్లు పోసి, కూజాను జనంలోకి విసురుతాడు. పగిలిన పెంకు ముక్క దొరికితే అదృష్టమని తోసుకుంటారు. తర్వాత చేరీలు చౌక్‌లో తిరిగి, ఊరి వీధుల్లోకి వెళ్తాయి. మధ్యాహ్నం చేపల భోజనం, ఉప్పు చేపతో చేసే బకలా కూర ఆ రోజు ప్రత్యేకం.

సాయంత్రం 6కి పరుగు మొదలు. సన్నటి వీధుల్లో పూర్తి వేగంతో, ఆగకుండా భుజాలు మార్చుకుంటూ పరిగెడతారు. ఒక జట్టు అలసిపోతే పక్కన కాచుకున్న జట్టు కదులుతున్న చేరో కిందికి దూరుతుంది. చౌక్‌లో చుట్లు తిరిగి, చివరికి ఊరి ద్వారం దాటి, కొండ దారి ఎక్కి చర్చికి.

బయటివాళ్లకు అర్థం కానిది ఒకటుంది. ఇందులో ఎవరూ ఎవరినీ దాటరు. వరుస ఎప్పుడూ ఉబాల్దో, జోర్జో, అంతోనియోనే. మరి పోటీ ఏమిటి? పడిపోకుండా, ఒరిగిపోకుండా మోయడం ఒకటి. పైకి చేరాక ఉబాల్దో జట్టు ముందు లోపలికి దూరి, జోర్జో జట్టు రాకముందే చర్చి తలుపు మూసేయాలని చూస్తుంది. వెనకవాళ్లు మూయనివ్వకూడదు. ఎవరు ఎంత బాగా మోశారో మరుసటి ఏడాది దాకా మాట్లాడుకుంటారు. చొక్కా రంగు సాధారణంగా ఇంట్లో తాతల నుంచి వచ్చేది. రాత్రి విగ్రహాలను కిందికి తెచ్చేటప్పుడు దారంతా పాటలు.

చూడటానికి వెళ్తే ఈ జాగ్రత్తలు పాటించండి. మలుపు బయటి వైపు నిలబడకండి, తిరిగేటప్పుడు స్తంభం కొస అటే ఊగుతుంది. దారి పక్కన గోడకో, తలుపు గూటికో ఆనుకుని ఉండండి. ఫోన్ చాచి పట్టుకోకండి. "వియా కెక్కోలి" అని కేక వినపడిందంటే వచ్చేస్తున్నారని. చిన్న పిల్లలతో ఆ రోజు వీధుల్లోకి దిగడం మంచిది కాదు. వాళ్లకోసం జూన్ 2న చిన్న చేరీల పరుగు ఉంటుంది, పిల్లలే మోస్తారు. నిజం చెప్పాలంటే ఊరి పద్ధతి తీరిగ్గా గమనించడానికి అదే నయం. మే 15కి గదులు చాలా నెలల ముందే అయిపోతాయి.

పండగకు కుదరకపోతే కొండ మీద చర్చికి వెళ్లండి. చేరీలు అక్కడే నిలబెట్టి ఉంటాయి, ఉబాల్దో దేహం గాజు పేటికలో ఉంటుంది. పైకి వెళ్లడానికి రోప్‌వే ఉంది. ఇద్దరు నిలబడే ఇనప బుట్టలు, ఆగవు, కదులుతుండగానే ఎక్కిస్తారు. ఎత్తు అంటే టెన్షన్ పడేవాళ్లు నడక దారి ఎంచుకోండి. దిగేటప్పుడు నడవమని అందరికీ చెబుతాను, చేరీలు ఎక్కే దారి అదే కాబట్టి ఆ వాలు ఎంతో మోకాళ్లకు తెలుస్తుంది.

మూడు చేరీల గుర్తే 1973 నుంచి ఉంబ్రియా ప్రాంతం అధికారిక చిహ్నం. ఊరివాళ్లతో మాట కలపాలంటే మీరు ఏ చేరో అని అడగండి చాలు. మే చివరి ఆదివారం సాన్‌సెపోల్క్రో ఊరితో అడ్డవిల్లు పోటీ ఉంటుంది. రెండు పండగలూ కలిపి చూడాలనుకుంటే పది, పదిహేను రోజులు అక్కడే మకాం పెట్టాలి.

8. దుకాణాల్లో, హోటల్లో

మట్టి పాత్రల దుకాణాలు వీధి పొడవునా ఉంటాయి. కొనేముందు పోర్టా రోమానా గోపురంలోని మ్యూజియంలో పాతవి చూడండి. జోర్జో ఆండ్రేయోలి అనే కళాకారుడు ఉత్తరాన మజోరే సరస్సు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు, 1498లో ఊరి పౌరసత్వం పొందాడు. కాల్చిన పాత్ర మీద వెండి, రాగి లవణాలు పూసి, గాలి తగ్గించి పొగతో మూడోసారి కాల్చేవాడు. బంగారు, కెంపు రంగు మెరుపు వచ్చేది. ఆ పళ్లేలను ఎదురుగా చూస్తే ఏమీ తెలియదు. పక్కకు జరిగి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూడండి.

తిండికి క్రెషా అడగండి. వేడి రాతి పలక మీదో ఇనప పెనం మీదో కాల్చిన మందపాటి రొట్టె. మాంసం తినేవాళ్లకు పంది మాంసంతో, శాకాహారులకు ఆకుకూర, చీజ్‌తో ఇస్తారు. ఇంబ్రెచ్చాతా అనే పప్పుల సూప్‌లో శనగలు, చిక్కుళ్లు, బార్లీ, గోధుమలు కలిసి ఉంటాయి. మనవాళ్లకు బాగా నచ్చుతుంది, కాకపోతే మాంసం ముక్కలు వేశారేమో కనుక్కోండి. కోడి, కుందేలు మాంసాన్ని వైన్, వెనిగర్, రోజ్‌మేరీతో వండేది ఫ్రికో. బిల్లులో కూర్చున్నందుకు తలా కొంత వేస్తారు, అది మోసం కాదు, అక్కడి రివాజు. మధ్యాహ్నం ఒంటి గంట దాటితే చర్చిలు, దుకాణాలు చాలావరకు మూసేసి సాయంత్రం తెరుస్తారు. ఆ గంటలు లోయకు పెట్టుకోండి.

9. బొత్తాచోనే లోయ: వేలెడు మన్ను

ఊరి ఈశాన్యపు ద్వారం దాటి రోడ్డు వెంట నడిస్తే ఎర్రటి సున్నపురాయి పొరలు ఏటవాలుగా నిలిచిన లోయ వస్తుంది. ఒకప్పుడు సముద్రం అడుగు. ఆ పొరల మధ్య సుమారు ఒక సెంటీమీటరు మందాన బంకమట్టి పొర ఒకటి. దాని కింద రాయిలో సముద్రపు సూక్ష్మజీవుల గవ్వలు కాస్త పెద్దవి, పైన రాయిలో అతి చిన్నవి కొద్దిగా. 1970లలో వాల్టర్ ఆల్వరెజ్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి మట్టిని తీసుకెళ్లాడు. ఆయన తండ్రి, నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త లూయిస్, ఇంకో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు కలిసి పరీక్షిస్తే అందులో ఇరిడియం మామూలు కంటే 30 రెట్లు ఉంది. భూమి పైపొరలో ఇరిడియం చాలా అరుదు, ఉల్కల్లో ఎక్కువ. 6.6 కోట్ల ఏళ్ల కిందట పెద్ద గ్రహశకలం పడి డైనోసార్లు పోయాయన్న వాదన 1980లో ఈ మట్టి నుంచే వచ్చింది. మెక్సికోలో పడిన గుంత జాడ తర్వాత పదేళ్లకు తేలింది.

మనకు దీనితో నిజమైన సంబంధం ఉంది. ఆ అంతానికి దక్కన్ అగ్నిపర్వతాలు ఎంతవరకు కారణమన్న చర్చ నేటికీ నడుస్తోంది. రాజమండ్రి దగ్గర కాతేరు, గోదావరికి అవతల పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కనిపించే నల్లరాయి ఆ లావాయే. రెండు లావా పొరల మధ్య గవ్వలున్న సున్నపురాయి ఉంటుంది. గుబ్బియో మట్టి పొర కాలాన్నే అక్కడా వెతికారు. అటు వెళ్లే ముందు ఇటు చూసి వెళ్లడం మంచిది, ఖర్చు కూడా తక్కువ.

లోయలో పొరను గోకి మట్టి జేబులో వేసుకోకండి. అలా వేసుకున్నవాళ్ల వల్లే అక్కడ చిన్న గుహలా లోపలికి పోయింది. కొండ పక్కగా మధ్యయుగంలో ఊరికి నీళ్లు తెచ్చిన కాలువ దారి కూడా కనిపిస్తుంది. అది కూడా ఊరి డబ్బే.

10. నలభై మంది

1944 జూన్‌లో ప్రతిఘటన దళం చేతిలో ఒక జర్మన్ అధికారి చనిపోయాడు, ఇంకొకరు గాయపడ్డారు. ప్రతీకారంగా జర్మన్లు 22వ తేదీన ఊరివాళ్లను 40 మందిని కాల్చి చంపారు. ఆ చోట స్మారకం ఉంది, గోడలో తూటాల గుర్తులున్నాయి. బస్సులు ఆగే చౌక్ పేరు వాళ్లదే. ఇక్కడ ఫోటోలు, మాటలు తగ్గించండి. ఆ కుటుంబాలవాళ్లు ఇంకా ఊళ్లోనే ఉన్నారు.

11. ఊరు దాటి వెళ్లినవి

అమెరికాలో, ముఖ్యంగా న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వైపు ఉన్న మనవాళ్లు ఇటలీ వెళ్లకుండానే గుబ్బియోకు చెందిన రెండు ముక్కలు చూడవచ్చు. మొదటిది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో. 1422లో గుబ్బియోలో పుట్టి ఉర్బీనోను ఏలిన ఫెదరీకో ద మోంటెఫెల్ట్రో తన పుట్టిన ఊరి భవనంలో ఒక చిన్న చదువు గది చేయించుకున్నాడు. గోడలంతా రంగురంగుల చెక్క ముక్కలు అతికి అల్మరాలు, పుస్తకాలు, వాయిద్యాలు నిజంగా ఉన్నట్టు చేసిన పని. అమ్ముడుపోయి చేతులు మారి 1939లో న్యూయార్క్ చేరింది. గుబ్బియో భవనంలో ఇప్పుడు స్థానిక పనివాళ్లు చేసిన నకలు ఉంది. అద్దె సైనికులకు నాయకుడిగా సంపాదించిన డబ్బుతో చేయించిన గది అది.

రెండోది స్క్రాంటన్ దగ్గర జెస్సప్ అనే ఊరు. బొగ్గు గనుల్లో పనికి గుబ్బియో నుంచి వలస వెళ్లినవాళ్లు అక్కడా మూడు సెయింట్ల పరుగు మొదలుపెట్టారు. మే చివర్లో వచ్చే మెమోరియల్ డే వారాంతంలో జరుగుతుంది.

ఇంకా లోతుకు వెళ్లాలనుకునేవాళ్లకు గుబ్బియోలో స్పెరెల్లియానా గ్రంథాలయం ఉంది. 1666లో ఒక బిషప్పు తన పుస్తకాలిచ్చి మొదలుపెట్టినది. పాత పుస్తకాలు చూడాలంటే ముందే మెయిల్ రాసి అనుమతి తీసుకోండి.

12. ప్రయాణం

గుబ్బియోకు రైలు లేదు. రోమ్-ఆంకోనా రైలు మార్గంలో ఫొసాతో ది వీకో స్టేషన్‌లో దిగాలి, అక్కడి నుంచి సుమారు 20 కిలోమీటర్లు బస్సు. పెరూజా నుంచి నేరుగా బస్సులున్నాయి. ఆదివారాలు, సెలవు రోజుల్లో బస్సులు బాగా తగ్గిపోతాయి, తిరుగు బస్సు టైము దిగగానే చూసుకోండి. కారు తీసుకుంటే గోడల బయట పార్క్ చేయండి. పాత ఊళ్లోకి అనుమతి లేని కార్లను కెమెరాలు పట్టుకుంటాయి, జరిమానా అద్దె కంపెనీ ద్వారా నెలల తర్వాత ఇంటికి వస్తుంది. వీధులన్నీ రాతి పలకలు, ఎత్తుపల్లాలు. మెత్తటి అరికాలున్న బూట్లు వేసుకోండి. చక్రాల సూట్‌కేస్ ఈడ్చుకెళ్లడం కష్టం. కింది చౌక్ దగ్గరలో గది చూసుకుంటే ఆ బాధ ఉండదు.